ఎల్‌ఈడీ లైట్లు వేయించాక బండి మీద రేడియో వినపడలేదు: పర్లాకిమిడిలో నా అనుభవం

2025 జూన్ మొదటి వారంలో బండికి కొత్త లైట్లు వేయించాను. హెడ్‌లైట్‌లో హాలోజన్ తీసి ఎల్‌ఈడీ బల్బు పెట్టారు, లెగ్‌గార్డుకు రెండు ఫాగ్ లైట్లు బిగించారు. బల్బు 850, ఫాగ్ లైట్ల జత 1,600, రిలేతో వచ్చే వైరింగ్ 350, బిగింపు కూలి 300. నేను గుమ్మా వైపు కొండ మీద ఒక బడిలో పనిచేస్తాను. వానాకాలం సాయంత్రం ఆ మలుపుల్లో దిగేటప్పుడు రోడ్డు మీద పడుకున్న పశువులు దగ్గరకు వెళ్లేదాకా కనపడవు. అందుకే ఈ ఖర్చు. లైట్ల మాటకొస్తే బ్రహ్మాండంగా ఉన్నాయి, దాని గురించి ఫిర్యాదు ఏమీ లేదు.

గొడవంతా రేడియోతో. ఆ దారిలో చాలా చోట్ల ఫోన్‌కు సిగ్నల్ ఉండదు కాబట్టి బండి మీద హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని సరదాకు వాడుకునే వైర్‌లెస్ సెట్టు, పెట్టుకుంటాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఒడిశాలోని మా గజపతి జిల్లా మీదకు వచ్చినప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. కొండ మీద పిల్లలు ఎలా ఉన్నారో కనుక్కునే దారి లేకుండా కూర్చున్నాను. ఆ తర్వాతే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాను. నాది 5 వాట్ల హ్యాండ్‌సెట్. వెనక క్యారియర్‌కు అర మీటరు పొడవు యాంటెన్నా ఉంది. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య మాట్లాడుకుంటాం. బండి నడుపుతూ వింటాను, మాట్లాడాలంటే పక్కకు ఆపుతాను. ఆంధ్ర సరిహద్దు దాటితే పాతపట్నం. అక్కడ నాన్న స్నేహితుడు, టెలిఫోన్ శాఖలో రిటైరైన బాబాయ్ డాబా మీద పెద్ద యాంటెన్నా పెట్టుకుని ఉంటాడు. సాయంత్రం నేను కొండ దిగే వేళకు సెట్టు దగ్గరే కూర్చుంటాడు.

లైట్లు వేయించిన మర్నాడు దిగుతూ పిలిచాను. జవాబు లేదు. ఎవరూ మాట్లాడకుండానే సెట్టు దానంతటదే మోగుతూ ఒకటే బుస్సు. సిగ్నల్ గీతలు సగం దాకా లేచి అక్కడే ఉన్నాయి. ఇంటికొచ్చాక బాబాయే ఫోన్ చేశాడు.

"ఏట్రా, నువ్వు పిలుస్తన్నావు, నేను పలుకుతన్నాను, మళ్లీ నువ్వే పిలుస్తన్నావు. నీ మాట నాకు బాగానే ఇనపడతంది. నా మాట నీకు ఇనపడట్నేదేటి?"

ఆ ఒక్క ఫోన్‌తో సగం సంగతి తేలిపోయింది. నా మాట ఆయనకు శుభ్రంగా చేరుతోందంటే యాంటెన్నా, సెట్టు పాడవలేదు. నేను వినే దగ్గరే ఏదో అడ్డం పడుతోంది. ముందు రోజు వరకూ లేనిదేమిటంటే ఆ లైట్లే. స్క్వెల్చ్, అంటే బలహీనమైన సిగ్నల్‌ను వినపడనివ్వని సెట్టింగు, పెంచితే బుస్సు ఆగుతుంది, దాంతో పాటు బాబాయ్ కూడా ఆగిపోతాడు. కొండ మీదకు అందేది బలహీనమైన సిగ్నలే కదా.

వారాంతంలో షాపుకు వెళ్లాను. అక్కడి కుర్రాడు సగం ఒడియా, సగం తెలుగు మాట్లాడతాడు. "రేడియో? ఏ రేడియో భాయి? బ్లూటూతా?" అని అడిగాడు. హ్యాండ్‌సెట్ తీసి, ఫాగ్ లైట్ స్విచ్ వేసి వినిపించాను. నవ్వి, "కిఛి హబని" అన్నాడు. ఏమీ కాదని. నిజమే, అతని లైటు బాగానే వెలుగుతోంది, అతని లెక్కలో అది చెడిపోలేదు. బల్బు మార్చి అదే కంపెనీది ఇంకోటి పెట్టాడు. అదే బుస్సు. తర్వాత 'క్యాన్‌బస్ డికోడర్' అని చిన్న డబ్బా చూపించి, ఇది పెడితే అన్నీ పోతాయన్నాడు, 250 రూపాయలు. అది బల్బు కాలిపోయిందని కొన్ని బళ్లు తప్పుగా చూపించే హెచ్చరికను ఆపడానికి పెట్టేది. శబ్దం కోసం చేసింది కాదు. వద్దని చెప్పి వచ్చేశాను. డబ్బు వెనక్కి ఇవ్వడం కుదరదన్నాడు, అదీ ఊహించిందే.

అసలు ఎందుకిలా అవుతుందో బాబాయ్ చెప్పాడు. ఎల్‌ఈడీ చిప్పుకు మూడు వోల్టుల చిల్లర చాలు, బ్యాటరీ ఇచ్చేది 12. మధ్యలో ఒక చిన్న డ్రైవర్ సర్క్యూట్ ఆ 12 వోల్టులను సెకనుకు లక్షల సార్లు తెంపుతూ కలుపుతూ కరెంటును అదుపు చేస్తుంది. తెంపడం ఎంత చురుగ్గా ఉంటే దాని తాలూకు శబ్దం అంత పై ఫ్రీక్వెన్సీల దాకా పాకుతుంది. మంచి డ్రైవర్‌లో దాన్ని బయటకు రానివ్వకుండా ఒక కాయిలు, కెపాసిటర్లు ఉంటాయి. చవక రకంలో ముందు తీసేసేవి అవే. ఇక లైటు నుంచి బ్యాటరీ దాకా పోయే వైరు యాంటెన్నా అయి కూర్చుంటుంది. పాత హాలోజన్‌లో ఇదంతా లేదు, అది వేడెక్కి వెలిగే తీగ, అంతే.

తర్వాత ఆదివారం బండి పాతపట్నం తీసుకెళ్లాను. చెక్‌పోస్టు దగ్గర యాంటెన్నా చూసి ఆపారు. లైసెన్సు కాపీ చూపిస్తే పంపించేశారు. ఈ ప్రాంతంలో వాకీటాకీ లాంటిది పట్టుకుని తిరిగేవాళ్లు ఆ కాగితం జేబులో పెట్టుకోవడం మంచిది.

బాబాయ్ ముందు స్క్రూడ్రైవర్ ముట్టుకోనివ్వలేదు. "ముందు దొంగెవడో తేల్చు" అన్నాడు. సెట్టును బండి బ్యాటరీ నుంచి విడదీసి దాని సొంత బ్యాటరీ మీద పెట్టాం. ఇంజిన్ ఆపి, ఫాగ్ లైట్లు మాత్రం వేశాం. బుస్సు వచ్చింది. ఆపితే పోయింది. బండి కరెంటుతో సంబంధం లేని సెట్టులోకి కూడా శబ్దం వచ్చిందంటే అది పవర్ వైరు గుండా కాదు, గాలిలోంచి వస్తోందని. సెట్టు వైపు ఫిల్టర్ కొని పెడదామన్న ఆలోచన అక్కడే పోయింది. దానికి అప్పట్లో ఆన్‌లైన్‌లో 700 దాకా చెప్పేవారు.

హెడ్‌లైట్ దగ్గర ఒక చిక్కు వచ్చింది. 2017 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన ద్విచక్ర వాహనాలన్నిటికీ ఇంజిన్ స్టార్ట్ కాగానే హెడ్‌లైట్ దానంతటదే వెలగాలి. నాది 2019 బండి, హెడ్‌లైట్‌కు స్విచ్చే లేదు. ఇంజిన్ ఆపితే లైటూ ఆరిపోతుంది. మరి ఇంజిన్ శబ్దమో, బల్బు శబ్దమో ఎలా తెలియాలి? బాబాయ్ పాత యూపీఎస్‌లోంచి 12 వోల్టుల బ్యాటరీ తీసి, బల్బు ప్లగ్ ఊడదీసి దానికే నేరుగా కలిపాడు. ఫాగ్ లైట్ల కంటే ఎక్కువ గోల. తర్వాత బల్బు పూర్తిగా తీసేసి ఇంజిన్ స్టార్ట్ చేశాం. వెలుతురు లేదు, బుస్సూ లేదు. రేస్ ఇచ్చినప్పుడు టిక్కుటిక్కుమని వేగం పెరిగే చప్పుడు ఉంటే అది స్పార్క్ ప్లగ్ తాలూకుది. అది కూడా లేదు. ప్లగ్ మీద నంబరులో ఆర్ అక్షరం ఉంది, అంటే లోపల ఆ చప్పుడు తగ్గించే రెసిస్టర్ ఉన్న రకం. ఎల్‌ఈడీ శబ్దం మాత్రం రేస్ ఎంత ఇచ్చినా ఒకేలా ఉంటుంది. తేడా అలా పట్టుకోవచ్చు.

నాన్న వైజాగ్ కేంద్రం 927 కిలోహెర్ట్జ్ వినే పాత ట్రాన్సిస్టర్ ఆ రోజు అన్నిటికంటే బాగా పనికొచ్చింది. దాన్ని మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట పెట్టి వైర్ల వెంబడి జరుపుతూ పోతే ఎక్కడ గోల ఎక్కువో చెవికే తెలిసిపోతుంది. బల్బు వెనక వైరులో అగ్గిపెట్టెంత డ్రైవర్ డబ్బా ఉంటుంది, దాని దగ్గర చెవులు పగిలాయి. ఫాగ్ లైట్ల దగ్గర మాత్రం ఆశ్చర్యం. లైటు దగ్గర కంటే ట్యాంకు కింద వైరింగ్ దగ్గర గోల ఎక్కువ. ట్యాంకు తీసి చూస్తే ఎర్ర వైరు ఎడమ పక్క నుంచి, నల్ల వైరు కుడి పక్క నుంచి వచ్చి సీటు కింద బ్యాటరీ దగ్గర కలుస్తున్నాయి. బిగించినవాడు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ తోసేశాడు. రెండు వైర్ల మధ్య బండి అంత వెడల్పు చుట్టు ఏర్పడి, యాంటెన్నా కిందే పరుచుకుని ఉంది.

ఇక సామాన్లు. శబ్దం ఆపడానికి వైరు చుట్టూ వేసే నల్లటి ఫెర్రైట్ గుండ్లు కావాలి. పర్లాకిమిడిలో ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపుల్లో అడిగితే, కంప్యూటర్ కేబుల్ చివర ఉండేవాటిని చూపించి "అవి విడిగా ఎవరు కొంటారు సార్" అన్నారు. వాళ్ల దగ్గరే పాడైన మానిటర్ కేబుళ్లు రెండు ఊరికే ఇచ్చారు. కత్తితో ప్లాస్టిక్ కోస్తే లోపల ఫెర్రైట్ ఉంటుంది. మిగతావి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. అక్కడ కొంచెం చూసుకోవాలి. ఏ రకమో రాయకుండా పది క్లిప్పులు 450కి అమ్మేవాళ్లున్నారు. మా బ్యాండుకు 31 లేదా 43 రకం పదార్థం పనిచేస్తుంది, రెండూ 300 మెగాహెర్ట్జ్ దాకా వస్తాయి. రకం రాసి ఉన్నవి ఒక్కోటి 190 పడ్డాయి. రకం రాసినవీ రాయనివీ రెండూ కొన్నాను, తేడా తెలుసుకుందామని.

అదంతా రథయాత్ర ముందు. జూన్ 27న రథయాత్ర, ఊరంతా ఆ హడావిడిలో ఉంది. కొరియర్ జాడ లేదు. ట్రాకింగ్‌లో బరంపురం దగ్గర ఆగి అక్కడే ఉంది. బహుడా, అంటే రథాల తిరుగు యాత్ర, అయిపోయింది, జులై మొదటి వారం గడిచింది, పార్సిల్ రాలేదు. ఈలోగా రోజూ కొండ ఎక్కి దిగుతున్నాను, సెట్టు ఆపేసి. జులై మధ్యలో జోరు వాన. సాయంత్రం ఒక చోట రోడ్డు మీదకు మట్టి జారింది. అటు ఇటు బళ్లు ఆగిపోయాయి. ఫోన్ లేదు. బండి ఆపి, ఫాగ్ లైట్లు ఆర్పి, ఇంజిన్ కూడా ఆపి అప్పుడు పిలిస్తే బాబాయ్ మాట వినపడింది, ఆయన మా ఇంట్లో వాళ్లకు ఫోన్ చేసి చెప్పాడు. అంత చీకట్లో వానలో లైట్లన్నీ ఆర్పుకుని నిలబడాల్సి రావడం, వెనక నుంచి ఏ లారీ వస్తుందో అన్న భయం, ఆ టెన్షన్ వేరు. ఆ రాత్రి ఇంటికి రాగానే ఈ పని ఇక నాన్చకూడదనుకున్నాను.

పార్సిల్ ఆ తర్వాత రెండు మూడు రోజులకు వచ్చింది. ఆదివారం మళ్లీ బాబాయ్ డాబా కింద కూర్చున్నాం.

ముందు డబ్బు ఖర్చు లేని పని చేశాం. ఫాగ్ లైట్ల ఎర్ర, నల్ల వైర్లు రెండూ బయటకు లాగి, జడ అల్లినట్టు ఒకదాని మీద ఒకటి మెలివేసి, బండి ఒక పక్క నుంచే తీసుకెళ్లాం. మిగిలిపోయిన పొడవు చుట్ట చుట్టి పెట్టకుండా కత్తిరించేశాం. స్విచ్ వేసి చూస్తే గీతలు సగానికి పైగా దిగిపోయాయి. ఒక్క ఫెర్రైట్ కూడా పెట్టకముందే! ఇంత తేడా వస్తుందని బాబాయ్ కూడా అనుకోలేదు.

తర్వాత లైట్ల ఒళ్లు. అవి అల్యూమినియం డబ్బాలు. కానీ బిగించిన క్లాంపుకు పౌడర్ కోటింగ్, లెగ్‌గార్డుకు పెయింటు. లోహం లోహాన్ని తాకడమే లేదు. మీటరు పెట్టి చూస్తే లైటు ఒంటికీ బండి ఛాసిస్‌కీ మధ్య కరెంటు దారే లేదు. బోల్టు కింద పెయింటు గీకి, పళ్ల వాషరు వేసి, పాత కేబుల్ పై తొడుగులోని రాగి జాలీ ముక్కతో ఛాసిస్‌కు కలిపాం. గీకిన చోట గ్రీజు రాయకపోతే ఒక్క వానకే తుప్పు. యాంటెన్నా క్యారియర్‌కు కూడా ఇదే చేశాం. దాని బోల్టు కింద కూడా పెయింటే ఉంది, ఇన్నేళ్లుగా తెలియలేదు. దానివల్ల నా మాట అవతల ఇంకా బాగా వినపడుతోందని బాబాయ్ అంటాడు, అది ఆయన ప్రేమ కూడా కావచ్చు.

అప్పుడు ఫెర్రైట్లు. ఎర్ర, నల్ల వైర్లు రెండూ కలిపి ఒకే గుండులోంచి పోనివ్వాలి, అదీ లైటుకు వీలైనంత దగ్గరలో. ఒక్క ఎర్ర వైరుకే వేస్తే దానిలో పారే కరెంటుకు గుండు నిండిపోయి పని చేయడం మానేస్తుంది. రెండూ కలిపి వేస్తే పోయే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. లోపల నుంచి వైరును మళ్లీ చుట్టి తెస్తే బలం చుట్ల వర్గం లెక్కన పెరుగుతుంది. రెండు చుట్లకు నాలుగు రెట్లు, మూడింటికి తొమ్మిది రెట్లు. మరి పది చుట్లు చుడితే? మీడియం వేవ్‌లో మేలే గానీ మా బ్యాండులో ఎక్కువ చుట్లు ఎదురు తిరుగుతాయి, చుట్టుకూ చుట్టుకూ మధ్య నుంచే శబ్దం దూకేస్తుంది. మూడు చుట్ల దగ్గర ఆపాం. రకం రాయని క్లిప్పులు పెట్టి చూస్తే పెద్దగా కదలిక లేదు. 43 రకం పెట్టగానే మరో రెండు గీతలు దిగాయి. మానిటర్ కేబుల్‌లోంచి తీసినవి కూడా ఊరూ పేరూ లేని క్లిప్పుల కంటే నయం. క్లిప్పు రెండు ముక్కలూ బాగా కలిసి మూసుకోవాలి, కొంచెం సందున్నా దండగ. మా రోడ్ల కుదుపుకు తెరుచుకోకుండా కేబుల్ టై వేసి, పైన హీట్ ష్రింక్ ట్యూబు తొడిగాం.

చివరగా ప్రతి ఫాగ్ లైటు దగ్గరా వైర్ల మధ్య 0.1 మైక్రోఫారడ్, 0.01 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు, 100 వోల్టులవి. కాళ్లు వీలైనంత పొట్టిగా కత్తిరించి టంకం వేశాడు బాబాయ్. కాళ్లు పొడుగైతే అవే అడ్డం పడతాయట. నలభై రూపాయల సరుకు. ట్రాన్సిస్టర్‌లో గోల చాలా తగ్గింది.

హెడ్‌లైట్ బల్బు మాత్రం మాట వినలేదు. డ్రైవర్‌కు ముందు ఒకటి, వెనక ఒకటి ఫెర్రైట్ వేశాం, కెపాసిటర్ వేశాం, డబ్బాకు రాగి రేకు చుట్టాం. తగ్గింది గానీ కొండ మీద బాబాయ్ మాట వినపడేంత కాదు. పైగా దాని వెనక చిన్న ఫ్యాను, అదొక గోల. ఫాగ్ లైట్లయితే వినాల్సినప్పుడు ఆర్పుకోవచ్చు. హెడ్‌లైట్ ఇంజిన్ ఉన్నంతసేపూ వెలుగుతూనే ఉంటుంది, ఆర్పే వీలే లేదు. మధ్యాహ్నం దాకా దానితో కుస్తీ పట్టి, తినొచ్చాక పాత హాలోజన్ బల్బే తిరిగి పెట్టేశాం. 35/35 వాట్లది, నా దగ్గరే ఉంది. ఫాగ్ లైట్లు తోడుగా ఉంటే రోడ్డుకు ఆ వెలుతురు చాలు. ఎదురొచ్చేవాళ్లు తిట్టుకోవడం కూడా తగ్గింది. ఆ ఎల్‌ఈడీ బల్బు మా పిన్ని కొడుకు బండికి వెళ్లింది, వాడికి రేడియో లేదు.

అంతా అయిందనుకుని సాయంత్రం బయల్దేరితే మళ్లీ సన్నగా బుస్సు. ఫాగ్ లైట్లు ఆర్పినా ఉంది. బాబాయ్‌కి తిక్క రేగింది. ట్రాన్సిస్టర్ పట్టుకుని మళ్లీ బండి చుట్టూ తిరిగితే హ్యాండిల్ దగ్గర దొరికింది. మొబైల్ ఛార్జర్! రెండేళ్ల కింద పెట్టించిన యూఎస్‌బీ సాకెట్. అదీ 12 వోల్టులను 5కి దించే అలాంటి సర్క్యూటే. ఫోన్ పెట్టకపోయినా లోపల నడుస్తూనే ఉంటుంది. ఇన్నాళ్లూ ఉన్న శబ్దమే, అలవాటైపోయి పట్టించుకోలేదు. పెద్ద గోల పోయాక ఇది బయటపడింది. దానికి ముప్పై రూపాయల స్విచ్ పెట్టించాను, వాడనప్పుడు కట్టేస్తాను.

ఆగస్టు మొదటి వారంలో వాన లేని సాయంత్రం దిగుతూ, ఫాగ్ లైట్లు వేసే ఉంచి, నడుపుతూనే విన్నాను. ఇదివరకు బాబాయ్ మాట ఎక్కడ మొదట అందేదో ఆ మలుపు కంటే కొంచెం కిందకు వచ్చాక అందింది. లైట్లు ఆర్పితే పాత చోటే. అంటే శబ్దం పూర్తిగా పోలేదు, ఒకటి రెండు గీతలు మిగిలే ఉంది. నాకు చాలు. మీడియం వేవ్ వినాలనుకునేవాళ్లకు మాత్రం ఇది చాలదు, ట్రాన్సిస్టర్ బండి మీద పెడితే ఇంకా గరగరమంటుంది.

లైట్ల డబ్బు కాకుండా ఈ మరమ్మతుకు అటూ ఇటుగా పన్నెండు వందలయింది, అందులో పనికిరాని 450 క్లిప్పులు కూడా ఉన్నాయి. మెకానిక్ కూలి లేదు, బాబాయ్ ఇంట్లో భోజనం పెట్టించాడు కూడా. ఆగస్టు చివర్లో ఒక స్క్రూ వదులై రాగి జాలీ ఊడితే శబ్దం మళ్లీ పెరిగింది. ఇప్పుడు చైన్‌కు నూనె రాసినప్పుడల్లా ఆ బోల్టులూ చూసుకుంటున్నాను.

మొన్న మా బడిలో ఇంకో మాస్టారు ఫాగ్ లైట్లు కొనడానికి నన్ను తోడు తీసుకెళ్లాడు, అదే షాపుకు. హ్యాండ్‌సెట్ జేబులో పెట్టుకుని వెళ్లాను. కొనేముందు లైటును వాళ్ల బ్యాటరీకే కలపమని, సెట్టు పక్కన పెట్టాను. మొదటి రెండు రకాలు బుస్సుమన్నాయి. మూడోది కొంచెం బరువుగా ఉంది, 400 ఎక్కువ, దాదాపు నిశ్శబ్దం. అదే కొన్నాం. కుర్రాడు ఈసారి నవ్వలేదు, ఆ సెట్టు ఎంతకు వస్తుందని అడిగాడు.